రాజేశం భుజం నుంచి తీసిన ముక్క

కొత్తగా సెల్ కల్చర్ ల్యాబులో చేరే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "చేతులు వణకకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి మేడం?" చేతులు వణికినా పని జరుగుతుంది. నా చేతులు ఉద్యోగంలో మొదటి రెండేళ్లూ వణికాయి, ఆఖరి రెండేళ్లూ వణికాయి. భయం వేసినప్పుడు మనం ఏం చేస్తామన్నదే అసలు సంగతి. నేను భయపడి ఒక తప్పు చేశాను. మరింత భయపడి దాన్ని దాచాను. రాయదగ్గదంటూ నా ఉద్యోగంలో ఏదైనా ఉంటే అదే. ప్రమోషన్లూ శాలువాలూ అందరికీ ఉంటాయి, వాటి జోలికి పోను.

సూరత్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న పరిశోధనశాలలో పనిచేశాను. పని చెప్పడానికి తేలిక. ఆపరేషన్‌లో తీసిన గడ్డ నుంచి శనగగింజంత ముక్క మాకు వస్తుంది. దాన్ని సన్నగా తరిగి, ఎంజైములో నానబెట్టి, విడివడిన కణాలను ఫ్లాస్కులో వేసి, మనిషి ఒంటి వేడిమిలో ఉంచి, రెండు మూడు రోజులకోసారి ఆహారద్రవం మారుస్తూ బతికించాలి. అవి నెలల తరబడి విభజన చెందుతూ నిలబడితే దాన్ని సెల్ లైన్ అంటాం. చర్మం కింద పుట్టే అరుదైన సార్కోమా క్యాన్సర్లకు ఇలాంటివి మరీ తక్కువ. కొత్త మందు పరీక్షించాలనుకునేవాళ్లకు వేరే దారి ఉండదు, అందుకే ఒక్కటి నిలబడినా విలువైనదే.

చాలావరకు నిలబడవు. కొన్ని మొదటి వారంలోనే చస్తాయి. కొన్నిసార్లు ముక్కతోపాటు వచ్చిన మామూలు చర్మకణాలే పెరిగి క్యాన్సర్ కణాలను కప్పేస్తాయి. అన్నిటికంటే ఘోరం మరొకటుంది. ల్యాబులో ఉన్న వేరే పాత సెల్ లైన్‌ది ఒక్క చుక్క పొరపాటున పడితే చాలు, అది వేగంగా పెరిగి కొత్తదాన్ని మింగేస్తుంది. ఫ్లాస్కు మీద పేరు మాత్రం ముక్క ఇచ్చిన రోగిదే ఉంటుంది.

రాజేశం

రాజేశం సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం మనిషి. వయసు నలభై ఆరు. సూరత్ శివారు కడోదరాలో పవర్‌లూమ్ (వాళ్ల మాటలో సాంచ) నడుపుతాడు, భార్య భాగ్యతో కోసాడ్‌లో ప్రభుత్వం కట్టించిన ఇళ్లల్లో ఉంటాడు. ఎడమ భుజం మీద గడ్డ వస్తే అంతకు కొన్నేళ్ల ముందు ఒక చిన్న క్లినిక్‌లో కోయించుకున్నాడు. కొవ్వుగడ్డ అన్నారట. పరీక్షకు పంపలేదు. అదే చోట మళ్లీ వచ్చింది, ఈసారి గట్టిగా, ఊదారంగులో. మా సర్జన్ పరేశ్ భాయి చూడగానే అనుమానపడ్డారు. చర్మం కింద పుట్టే సార్కోమా అని తేలింది.

ఆపరేషన్‌కు ముందు అనుమతి పత్రం తెలుగులో చదివి వినిపించడానికి నన్ను పిలిచారు. మాది మచిలీపట్నం. నా మాట వినగానే అతను నవ్వాడు.

"మీ తెలుగు టీవీల వార్తల లెక్కుంది మేడం. జర మెల్లగ చెప్పుర్రి."

మెల్లగా చెప్పాను. గడ్డలో చిన్న ముక్క మేం తీసుకుంటామని, దాన్ని పెంచడానికి ప్రయత్నిస్తామని.

"గిది నాకు పనికొస్తదా?"

ఈ ప్రశ్నకు నేను అంతకుముందు చాలా ఏళ్లు తప్పు జవాబు ఇచ్చాను. "చూద్దాం", "రావచ్చు" అనేదాన్ని. ఆశ పెడితే సంతకం తొందరగా పడుతుంది. ఆ రోజు నిజమే చెప్పాను. "మీకు కాదు రాజేశంగారూ. ఎప్పుడో మీలాంటి గడ్డ వచ్చినవాళ్లకు పనికి రావచ్చు."

"మరి తీస్కోర్రి. ఎట్లాగు పారేస్తరు గద," అన్నాడు.

అతను సంతకం చేస్తుంటే భాగ్య పక్కన నిలబడి చూసింది.

ఒంటరిగా

ఆపరేషన్ అయిన ఐదోరోజున కరోనా లాక్‌డౌన్ వచ్చింది. పెంచుతున్న కణాలన్నీ గడ్డకట్టించి దాచండి, లేదా పారెయ్యండి అని ఆసుపత్రి ఆదేశం. రాజేశం కణాలు దాచడానికి సరిపడా లేవు. ఫ్లాస్కు అడుగున అక్కడక్కడా సన్నటి కదురుల్లా అంటుకుని ఉన్నాయి, అంతే. పారెయ్యడానికి మనసొప్పలేదు. వాటితోపాటు ఒక పాత సెల్ లైన్‌ను కూడా బతికించమన్నారు పరేశ్ భాయి. దానిమీద మందుల పరీక్ష సగంలో ఉంది.

నా దగ్గర పరిశోధన చేస్తున్న హేతల్ సూరత్‌లోనే వరాఛా అమ్మాయి. వాళ్ల సొసైటీ గేటుకు తాళం వేశారు. మిగిలింది నేను. నాకు యాభై తొమ్మిదేళ్లు, షుగరుంది. మావారికి గుండెలో స్టెంటు ఉంది. నేను రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్లి వచ్చేదాన్ని. ఆయన తలుపు తీసి, నేను స్నానం చేసేదాకా బాల్కనీలో నిలబడేవారు. ఆ నిలబడటం చూస్తే నాకు భయం వేసేది.

అప్పటి భయం ఎలా ఉండేదో మీలో చిన్నవాళ్లకు గుర్తుండకపోవచ్చు. లిఫ్టు బటన్ నొక్కాలంటే భయం. గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గితే భయం. ల్యాబులో మెడ వెనక చెమట పడితే జ్వరమేమోనని భయం. థర్మామీటరు రోజుకు నాలుగుసార్లు పెట్టుకునేదాన్ని.

ఆ రోజు పోలీసులు నా పాసు చూసి చాలాసేపు ఆపారు. ల్యాబుకు చేరేసరికి పాసులో రాసిన గడువులో ఒక గంటే మిగిలింది. మాస్కు, దానిమీద ముఖానికి అడ్డం పెట్టుకునే ప్లాస్టిక్ తెర. ఊపిరికి తెరంతా మసకబారింది. మా పనిలో మొట్టమొదటి నియమం ఒకటుంది: ఒకసారి ఒక్క ఫ్లాస్కు మూతే తియ్యాలి, ఒక్కోదానికి వేరే ఆహారద్రవం సీసా, ద్రవం పీల్చి పొయ్యడానికి వేరే పిపెట్టు వాడాలి. కొత్తవాళ్లకు ఆ నియమం నేనే నేర్పేదాన్ని. ఆ రోజు రెండు ఫ్లాస్కులూ హుడ్‌లో, అంటే క్రిములు చొరబడని గాజుగూటిలో, పక్కపక్కన పెట్టాను. ఆహారద్రవం సీసా ఒకటే తీశాను. పిపెట్టు మార్చానా?

నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు లేదు. నోట్‌బుక్‌లో "ద్రవం మార్చాను" అన్న రెండు మాటలే ఉన్నాయి.

నలభై రోజులు

ఏడెనిమిది వారాలు రాజేశం కణాలు నత్తనడక నడిచాయి. తర్వాత పదిరోజుల్లో ఫ్లాస్కు నిండిపోయింది. సూక్ష్మదర్శినిలో ఫోటో తీసి పంపితే పరేశ్ భాయి వెంటనే ఫోన్ చేశారు. ఆయన గొంతులో అంత సంతోషం ఆ వేసవిలో అదొక్కసారే విన్నాను. రోజూ చావులు చూస్తున్న మనిషి ఆయన. రాజేశానికి కూడా తనే ఫోన్ చేసి చెప్పారు.

నేను మాత్రం ఆ ఫోటో పెద్దది చేసి మళ్లీ చూశాను. కదుర్లలా ఉండాల్సిన కణాలు పొట్టిగా, గుండ్రంగా కనిపిస్తున్నాయి. వేగం చూస్తే అచ్చం పాత లైన్ వేగమే. కొన్నిసార్లు కణాలు ఫ్లాస్కులో ఆకారం మార్చుకుంటాయి, అది నిజం. ఆ నిజాన్ని పట్టుకుని వేలాడాను.

తేల్చుకోవడానికి పరీక్ష ఉంది. మనిషికి వేలిముద్రలా ప్రతి ఒక్కరి డీఎన్‌ఏకూ ఒక గుర్తుంటుంది. ఆపరేషన్ రోజు తీసిన రాజేశం రక్తం ఫ్రీజర్‌లో ఉంది. రెండూ పంపి పోల్చమంటే చాలు.

హేతల్ తిరిగి వచ్చిన మొదటివారంలోనే అడిగింది. "పరీక్షకు పంపిద్దామా మేడం?"

"ఆ ల్యాబులు మూసి ఉన్నాయి," అన్నాను. అప్పటికి అది నిజమే.

ఇంకొన్నాళ్లకు మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. అప్పటికి అవి తెరిచి ఉన్నాయి. హేతల్‌కూ ఆ సంగతి తెలుసు. తలదించుకుని వెళ్లిపోయింది. నా దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్న పిల్ల ముందు అబద్ధమాడాను. ఎందుకని అడిగితే, భయం ఒక కారణం. రిటైరయ్యే ముందు ఈ ఒక్కటీ నిలబడిందని చెప్పుకోవాలనుకున్నాను. అదీ ఒక కారణమే. ఇంటికి వెళ్లి అన్నం సగంలోనే కంచం పక్కకు జరిపేదాన్ని. మావారు జ్వరమేమోనని చెయ్యి పట్టుకుని చూసేవారు.

అలా నలభై రోజులు గడిచాయి. ఆ లోపల పరేశ్ భాయి చెప్పినట్టు ఆ కణాల మీద ఐదు మందులు పరీక్షించాం. ఒక మందుకు అవి బాగా చచ్చాయి.

సరిగ్గా అప్పుడే రాజేశం కుట్ల పక్కన చిన్న వాపుతో తిరిగి వచ్చాడు.

పరేశ్ భాయి నాతో వరండాలో అన్నారు: "గురువారం మీటింగులో ఈ కేసు పెడుతున్నాను. మన కణాలు ఆ మందుకు చచ్చాయి కదా. ఆపరేషన్ ఆపి ముందు అది ఇచ్చి చూద్దామనుకుంటున్నాను."

టిఫిన్ డబ్బా ముందు

బుధవారం మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లాను. కిటికీలు తెరిచి, ఒంటరిగా భోజనం చేస్తున్నారు. తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. మేం హిందీలో మాట్లాడుకునేవాళ్లం. ఆ మాటలు ఇప్పటికీ నాకు హిందీలోనే వినపడతాయి.

"సర్, ఆ కణాలు రాజేశంవి కాకపోవచ్చు."

ఆయన రోటీ పక్కన పెట్టారు. "పరీక్ష చేయించారా?"

"లేదు. పాత లైన్ కలిసిందేమోనని అనుమానం. నా చేతిలోనే."

"ఎప్పటినుంచి అనుమానం?"

"నలభై రోజులు."

డబ్బా మూత పెట్టేశారు. తర్వాత ఒక్క మాట అన్నారు. "నేను మందు రాసేసి ఉంటే?"



ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఆయన గొప్ప సర్జన్, కాని తొందర మనిషి. గుర్తింపు పరీక్ష రాకుండా ఏ లైన్ మీదా మందులు పరీక్షించకూడదు. వచ్చినా సరే, ఫ్లాస్కులో జరిగింది చూసి మనిషికి మందు రాయకూడదు. ఆ రెండు మాటలూ ఆయనకు చెప్పాల్సింది నేను. పై అధికారి సంతోషంగా ఉన్నప్పుడు కాదనడం చాలా కష్టం. మీరు నేర్చుకోవాల్సిన పనుల్లో అది పిపెట్టు పట్టడం కంటే ముఖ్యమైనది.

నమూనాలు ఆ సాయంత్రమే పంపాం. రిపోర్టు వచ్చింది. ఫ్లాస్కులో రాజేశం కణం ఒక్కటి కూడా లేదు. హేతల్ ఆ ఫ్లాస్కులన్నిట్లోనూ బ్లీచింగ్ ద్రవం పోసింది. పరేశ్ భాయి నన్ను తిట్టలేదు. ఆ తర్వాత చాలా నెలలు నాతో చెప్పాల్సింది హేతల్‌తో చెప్పించారు.

కోసాడ్‌లో

"పేషెంటుకు చెప్పాల్సిన అవసరమేముంది?" అని ఆఫీసులో ఒకరన్నారు. నిబంధనల ప్రకారం అవసరం లేకపోవచ్చు. కాని మీ కణాలు బతికాయని అతనికి మేమే ఫోన్ చేశాం.

కోసాడ్ వెళ్లాను. వాళ్ల బ్లాకు మెట్ల మీద వాళ్లిద్దరూ, కింద నేను, మధ్యలో ఆరడుగుల దూరం.

"మీ కణాలు బతికాయని చెప్పాం కదా రాజేశంగారూ. అవి మీవి కావు. నా పొరపాటు వల్ల వేరేవి కలిశాయి. మీవి పోయాయి."

"నాయి గావా? మరి ఎవలయి?"

"ఎప్పుడో, వేరే దేశంలో చనిపోయిన ఒకామెవి."

"ఆమెయి బతికినయి. నాయి సచ్చినయి."

"ఔను."

భాగ్య సూటిగా అడిగింది. "గ డాక్టర్ సాబ్ ఏదో మందు ఇస్త అన్నడు గద. గది ఇచ్చి ఉంటె ఏమైతుండె?"

"పనిచెయ్యకపోవచ్చు. ఆపరేషన్ ఆలస్యమయ్యేది. ఈలోపల గడ్డ పెరిగేది."

ఆమె ముఖం బిగుసుకుపోయింది. రాజేశం మాత్రం భుజం తడుముకుంటూ అన్నాడు. "సాంచల మీద ఒక రంగు బాబిన్ బదులు ఇంకో రంగుది పెడితె బట్ట మొత్తం కరాబైతది. మా సేఠ్ మస్తు తిడుతడు. మీ సేఠ్ తిట్టిండా?"

"తిట్టలేదు."

"తిట్టకుంటె ఇంక కష్టం," అన్నాడు. కొంచెం ఆగి, "ఎట్లాగు మల్ల కోస్తరు గద. మల్ల తీస్కోర్రి," అన్నాడు.

"వద్దు," అంది భాగ్య. "ఒక్కపారి ఇచ్చినం, సాలు."

"భుజం నాది గదనే."

"భుజం నీది. భయం నాది."

ముక్క ఇవ్వకపోయినా వైద్యంలో తేడా రాదని, ఆలోచించుకొమ్మని చెప్పి వచ్చేశాను. ఆపరేషన్ రోజున అతను సంతకం చేశాడు. భాగ్య అటు తిరిగి నిలబడింది. ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. ఆమె తప్పు చేసిందని నేనెప్పుడూ అనుకోలేదు.

నైట్రోజన్

రెండో ముక్కతో చలికాలమంతా గడిచింది. పాత లైన్లన్నీ దాచేసి, హుడ్‌లో రాజేశం ఫ్లాస్కు తప్ప మరొకటి తెరవలేదు. ప్రతి కదలికా హేతల్ చూస్తూ నోట్‌బుక్‌లో రాసేది. మార్చి వచ్చేసరికి కదుర్లలాంటి కణాలు నెమ్మదిగా, నమ్మకంగా పెరిగాయి. తొమ్మిది చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి ద్రవ నైట్రోజన్ పాత్రలో దించాం. ఏళ్ల తరబడి పాడవకుండా ఉంటాయి, పాత్రలో నైట్రోజన్ ఉన్నంతవరకు. అది రోజూ కొంచెం ఆవిరవుతూనే ఉంటుంది. కొత్తది పోస్తూ ఉండాలి.

ఏప్రిల్‌లో కరోనా రెండో దెబ్బ తగిలింది. గ్యాస్ కంపెనీ మేనేజరు ఫోన్‌లో అన్నాడు. "నైట్రోజన్ లేదు మేడం. ప్లాంటంతా ఆక్సిజన్‌కే తిప్పాం. ఎప్పుడిస్తానో చెప్పలేను."

పాత్రలో మట్టం కొలవడానికి చెక్కబద్ద ముంచి తీస్తాం. ఎంతవరకు మంచు పేరుకుంటే అంతవరకు ద్రవం ఉన్నట్టు. ఆ రోజు జానెడుంది.

రెండ్రోజులకు భాగ్య ఫోన్ చేసింది. "మేడం, ఆయినెకు దమ్మొస్తలేదు. రెండు దవఖాన్లు తిరిగినం. జాగ లేదంటుర్రు."

నిజం రాస్తున్నాను. ఫోన్ మోగినప్పుడు గ్యాస్ కంపెనీ అనుకుని పరుగెత్తాను. భాగ్య గొంతు వినగానే ఒక్క క్షణం, నైట్రోజన్ కబురు కాదే అని నిరుత్సాహం కలిగింది. ఆ తర్వాతే మనిషి గుర్తొచ్చాడు. ఆ ఒక్క క్షణానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

నెలల తర్వాత మొదటిసారి పరేశ్ భాయికి నేరుగా ఫోన్ చేశాను. ఆయన నా మాట పూర్తికాకముందే, "తీసుకురమ్మనండి, వరండాలో మంచం వేయిస్తాను," అన్నారు.

అతను పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. నేను పై అంతస్తులో బద్ద ముంచి తీసేదాన్ని. నాలుగు వేళ్లు. మూడు వేళ్లు. కిందకు ఏ లారీ వచ్చినా కిటికీలోంచి చూసేదాన్ని. ఆక్సిజన్ లారీ అయితే ఊపిరి పీల్చుకునేదాన్ని, వెంటనే పాత్ర గుర్తొచ్చేది. గొట్టాలు సగం డీప్ ఫ్రీజర్‌లోకి మార్చాం. అక్కడ కొన్ని వారాలు ఆగుతాయి. ఒకటి కరిగించి మళ్లీ ఫ్లాస్కులో వేశాం. అన్నీ ఒకేచోట పోకూడదని.

ఒక పొద్దున భాగ్య ఆసుపత్రి గేటు బయట కనిపించింది. లోపలికి రానివ్వరు. "ఏమన్నరు మేడం?" అని అడిగింది. నేను కణాల గురించి ఏమీ చెప్పలేదు, ఆమె అడగలేదు. "నిన్నటికంటే తక్కువ ఆక్సిజన్ సరిపోతోందట," అన్నాను. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

రాజేశం ఇంటికి వెళ్లాడు, సగం మనిషై. నైట్రోజన్ ఆ తర్వాత ఇంకొన్ని రోజులకు వచ్చింది. బద్ద మీద మంచు ఒక్క వేలెడే ఉంది.

రిపోర్టు

ఇది రాసేనాటికి రాజేశం మళ్లీ సాంచల దగ్గరకు వెళ్తున్నాడు. ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. ఆరునెలలకోసారి స్కాన్ తీస్తారు. ఇప్పటివరకు ఏమీ కనపడలేదు. అతని కణాలు రెండు వేరే ల్యాబులకు వెళ్లాయి. వాటివల్ల ఎవరికైనా మేలు జరుగుతుందో లేదో నాకు తెలియదు, నేనుండగా తెలియకపోవచ్చు.

ఆ కణాల గుర్తింపు పరీక్ష రిపోర్టు నేను రిటైరవడానికి కొన్ని వారాల ముందు వచ్చింది. కవరు చింపడం నాకు చేతకాలేదు. హేతల్‌కు ఇచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ పిల్ల ఒక్కో అంకెనూ రక్తం రిపోర్టుతో పోల్చి పైకి చదివింది. చివరిదాకా ఆగకుండా చదివి, "అన్నీ కలిశాయి మేడం," అంది.

పరేశ్ భాయికి చెప్పాం. తర్వాత రాజేశానికి నేనే ఫోన్ చేశాను. వెనకాల సాంచల మోత. మాట వినపడక అతను బయటికి నడిచాడు.

"ఈసారి మీవే రాజేశంగారూ. పరీక్ష చేయించాం."

"పక్కానా?"

"పక్కా. బతికాయి. బాగా పెరుగుతున్నాయి."



"మీకు కుషి అయితుంది, నాకెరుకే," అన్నాడు. "గని పెరుగుతున్నయంటె నాకు భయమైతది మేడం."

ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో 'పెరుగుతున్నాయి' అన్న మాటను నేను శుభవార్తలా చెబుతూ వచ్చాను. ఒక్క రోగి కూడా నాతో ఇలా అనలేదు, లేదా నేను వినలేదు. ఏదో వివరంగా చెప్పబోయి ఆగిపోయాను.

"నాక్కూడా," అన్నాను.